ఇంట్లో మిగిలిన పాత కెమెరా: గుర్తుపట్టడం ఎలా, ఉంచుకోవాలా వద్దా?

పెద్దవాళ్లు పోయాక ఇల్లు సర్దేటప్పుడు అటక మీదో, బీరువా అడుగు అరలోనో ఒక తోలు సంచి బయటపడుతుంది. అందులో ఒక కెమెరా, రెండు మూడు లెన్సులు, ఫ్లాష్, ఎందుకో తెలియని చిన్న చిన్న సామాన్లు ఉంటాయి. చాలా ఇళ్లలో వాటి సంగతి గంటలో తేల్చేస్తారు. ఒకరు "పాత ఇనుములో వేసేద్దాం" అంటారు. ఇంకొకరు "ఇలాంటివి లక్షలు పలుకుతాయట" అని ఫోన్‌లో ఫొటో తీసి అమ్మకానికి పెట్టేస్తారు. ఇద్దరిదీ తొందరపాటే. అది ఏ కెమెరానో, ఏ స్థితిలో ఉందో, లోపల ఏముందో తెలుసుకున్నాకే నిర్ణయం తీసుకోవాలి. అందుకు ఒక ఆదివారం చాలు. ఒక టార్చి, మెత్తని బ్రష్, పాత దుప్పటి, నోటుపుస్తకం దగ్గర పెట్టుకోండి.

ముందు చూడాల్సింది: లోపల రీలు ఉందా?

కెమెరా చేతికి రాగానే అందరూ చేసే పని వెనక తలుపు తెరవడం. అదొక్కటీ చేయకండి. సగం తీసి వదిలేసిన రీలు లోపల ఉండొచ్చు. అందులో పోయినవాళ్లు తీసిన చివరి ఫొటోలు ఉండొచ్చు. వెలుతురు తగిలితే క్షణంలో పోతాయి. కెమెరా ఎంత ఖరీదైనదైనా ఇంకొకటి దొరుకుతుంది, ఆ ఫొటోలు మాత్రం ఎక్కడా దొరకవు.

35 మి.మీ. రీలు కెమెరా అయితే ఎడమవైపు పైన చుట్టే పిడి ఉంటుంది. దాన్ని మెల్లగా బాణం గుర్తు వైపు తిప్పండి. వదులుగా తిరుగుతూనే ఉంటే లోపల ఏమీ లేనట్టే. కాస్త తిరిగి బిగుసుకుంటే రీలు ఉన్నట్టు. అప్పుడు కెమెరా అడుగున ఉండే చిన్న బొత్తాం నొక్కి, ఆ పిడితో పూర్తిగా వెనక్కి చుట్టండి. పట్టు ఒక్కసారిగా వదులైనప్పుడు రీలు డబ్బాలోకి వెళ్లిపోయిందని అర్థం. అప్పుడు తెరవొచ్చు. ఎక్కడైనా గట్టిగా అడ్డుపడితే బలవంతం చేయకండి. రీళ్లు కడిగే స్టూడియో వాళ్ల దగ్గర చీకటి సంచి ఉంటుంది, అందులో పెట్టి తీస్తారు.

డబ్బా కెమెరాలు, రెండు కళ్ల కెమెరాలు, మడత కెమెరాల్లో ఎక్కువగా కాగితంతో కలిపి చుట్టిన 120 రకం రీలు వాడేవారు. వీటిలో చాలావాటికి వెనక చిన్న ఎర్ర కిటికీ ఉంటుంది. అందులోంచి కాగితం మీద అంకె కనిపిస్తే రీలు ఉంది. చివరి దాకా తిప్పి, చీకటి గదిలోనే తీసి, కాగితం వదులు కాకుండా రబ్బరు బ్యాండు వేయండి.

పొరపాటున తలుపు తెరుచుకుంటే కంగారు పడకుండా వెంటనే మూసేయండి. బయటి చుట్లు పాడైనా లోపలి చుట్లలో బొమ్మ మిగలొచ్చు.

రీలు మీద ఏం రాసి ఉందో నోట్ చేసుకోండి. "సీ-41" అని ఉంటే ఇప్పటికీ కడిగే మామూలు రంగుల రీలు. "సీ-22" అని ఉంటే 1972కు ముందు పద్ధతిది. దాన్ని ఇప్పుడు నలుపు-తెలుపుగా కడిగించుకోవాల్సిందే. కొడాక్రోమ్ అనే కొడాక్ రంగుల రీలు కూడా అంతే. ఆ రీలు తయారీ 2009లో ఆగింది, దాన్ని రంగుల్లో కడిగే చివరి ల్యాబ్ 2010 చివర్లో ఆ పని ఆపేసింది. ఓర్వో, ఇందు పేర్లున్నవి చాలావరకు నలుపు-తెలుపు రీళ్లు. ఇందు అంటే ఊటీలో మన ప్రభుత్వం నడిపిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ సరుకు. ఇలాంటి పాత రీళ్లను రోజూ పెళ్లి ఫొటోలు ప్రింటు చేసే చోట ఇవ్వకండి. నలుపు-తెలుపు చేత్తో కడిగే ల్యాబ్‌కు, రీలు వయసు ముందే చెప్పి ఇవ్వండి.

అన్నీ దుప్పటి మీద పరిచి, పెద్దవాళ్లను అడగండి

సంచిలోవన్నీ దుప్పటి మీద పరిచి ఒక ఫొటో తీయండి. తర్వాత ఒక్కో వస్తువునూ విడిగా తీయండి. దేన్నీ పారేయొద్దు. మూతలు, లెన్సు ముందు పెట్టే గొట్టాలు, ఫిల్టర్లు, ఖాళీ రీలు చుట్టలు, అట్టపెట్టెలు, బిల్లులు, వాడకం పుస్తకాలు అన్నీ ఉంచండి. 620 రకం రీలు వాడే కెమెరా అయితే, ఆ రకం ఖాళీ చుట్ట ఒకటి ఉంటేనే మళ్లీ పనిచేస్తుంది, లేకపోతే పనిచేయదు. పాత బిల్లు ఉంటే కెమెరా ఎప్పుడు, ఏ ఊళ్లో కొన్నారో తెలుస్తుంది. అమ్మినా ఉంచుకున్నా దాని విలువ పెరుగుతుంది.

ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే ఈ దశలోనే కూర్చోబెట్టి అడగండి. ఇది ఎవరు కొన్నారు, ఎక్కడి నుంచి వచ్చింది, దీంతో ఎవరి ఫొటోలు తీశారు? కరీంనగర్, కడప, కోనసీమ వైపు ఎన్నో ఇళ్లలో కెమెరా గల్ఫ్ నుంచి వచ్చింది. కువైట్‌లోనో దుబాయ్‌లోనో పనిచేసిన బాబాయి సెలవుల్లో తెచ్చిన యాషికా అది. వాళ్లు చెప్పేది ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. కెమెరాను ఉంచుకోవాలో వద్దో తేల్చడంలో, ధర కంటే ఈ కబుర్లే చాలాసార్లు ఎక్కువ పనికొస్తాయి.

అది ఏ రకం?

పేరు చదవకముందు ఆకారం చూడండి.

*మూడు కాళ్ల స్టాండు మీద చెక్కపెట్టె, ముందు ఇత్తడి లెన్సు, మధ్యలో మడతల తోలు, వెనక నల్లగుడ్డ:* ఇది స్టూడియో కెమెరా. మీ తాతగారికో ముత్తాతగారికో స్టూడియో ఉండి ఉంటుంది. దక్షిణ భారత స్టూడియోల్లో విరివిగా వాడినవాటిలో వాగీశ్వరి ఒకటి. కేరళలోని ఆలప్పుళలో కె. కరుణాకరన్ మొదలుపెట్టిన సంస్థలో టేకు, ఇత్తడితో దాన్ని తయారుచేసేవారు. పెట్టె మీద ఇత్తడి పలకపై పేరు ఉందేమో చూడండి. చాలా చెక్క కెమెరాల్లో వెలుతురును క్షణం పాటు లోపలికి వదిలి మూసుకునే షట్టరే ఉండదు. ఫొటోగ్రాఫర్ లెన్సు మూత తీసి, మనసులో లెక్కపెట్టి, మళ్లీ పెట్టేవాడు. పెట్టెను చూసి మురిసి లెన్సును వదిలేయకండి. డాల్‌మేయర్, రాస్, వోయిగ్ట్‌ల్యాండర్ లాంటి పేర్లు ఇత్తడి గొట్టం మీద చెక్కి ఉంటే, ఒక్కోసారి పెట్టె కంటే ఆ లెన్సుకే గిరాకీ ఎక్కువ.

*ఒకదాని మీద ఒకటి రెండు లెన్సులు, పైనుంచి తొంగి చూసే మూత:* రెండు కళ్ల కెమెరా. జర్మనీ రోలీఫ్లెక్స్, రోలీకార్డ్ ఈ జాతిలో పెద్దలు. మొదటి రోలీఫ్లెక్స్ 1929లో వచ్చింది. మన పెళ్లి ఫొటోగ్రాఫర్ల దగ్గర ఎక్కువగా కనిపించింది జపాన్ యాషికా. వాటిలో యాషికా మ్యాట్ 124జీ 1970 నుంచి 1986 దాకా తయారైంది. ఇప్పటికీ వాడేవాళ్లు ఉన్నారు, మంచి స్థితిలో ఉంటే ఉంచుకోదగ్గ కెమెరా. రష్యా లూబిటెల్, చైనా సీగల్ కూడా ఇదే ఆకారంలో ఉంటాయి, ధర మాత్రం తక్కువ.

*చేతిలో పట్టే చిన్న డబ్బా:* మన దేశంలో లెక్కలేనన్ని ఇళ్లలో ఉన్నది ఆగ్ఫా క్లిక్ 3. బరోడాలో తయారైంది. చదరపు ఫొటోలు, రీలుకు పన్నెండు. 1960, 70ల నాటి మీ ఇంటి చదరపు నలుపు-తెలుపు ఫొటోల్లో చాలావాటిని తీసింది ఇదే కావచ్చు. డబ్బుల్లో దీని విలువ కొంచెమే. అందుకే దీన్ని అమ్మడంలో నాకు అర్థం కనిపించదు. షెల్ఫులో చోటు పట్టేది కొంచెం, ఇంటి చరిత్రలో దాని పాత్ర పెద్దది.

*ముందు పలక తెరిస్తే తోలు మడతలతో లెన్సు బయటికొచ్చేది:* మడత కెమెరా. జైస్ ఐకాన్, ఆగ్ఫా ఐసొలెట్, కొడాక్ పేర్లు ఎక్కువ. ఆగ్ఫా మడత కెమెరాల్లో లోపలి గ్రీజు గట్టిపడి లెన్సు తిరగకుండా బిగుసుకుపోవడం మామూలే. పట్టకారుతో తిప్పొద్దు.

*పైన చిన్న గోపురంలా ఎత్తు, లెన్సు విప్పి మార్చుకునేది:* ఎస్ఎల్ఆర్. నైకాన్ ఎఫ్ఎం2, పెంటాక్స్ కే1000, కానన్ ఏఈ-1, మినోల్టా, యాషికా ఎఫ్ఎక్స్-3, రష్యా జెనిట్ మన దగ్గర తరచు దొరుకుతాయి. ఫొటోగ్రఫీ నేర్చుకోవాలనుకునే పిల్లలు ఇంట్లో ఉంటే వీటిని అమ్మేముందు రెండుసార్లు ఆలోచించండి. 1976 నుంచి 1997 దాకా తయారైన కే1000 మీద ఎన్నో దేశాల్లో విద్యార్థులు ఈ పని నేర్చుకున్నారు. ఎఫ్ఎం2, కే1000 రెండూ బ్యాటరీ లేకపోయినా ఫొటో తీస్తాయి. బ్యాటరీ వెలుతురు కొలవడానికే.

*జేబు సైజు ప్లాస్టిక్ కెమెరాలు:* హాట్ షాట్, కొడాక్ కేబీ10, యాషికా ఎంఎఫ్-2. 80ల్లో, 90ల్లో పుట్టినవాళ్ల పుట్టినరోజు ఫొటోలన్నీ వీటివే. చాలావాటికి మార్కెట్లో పెద్ద ధర రాదు. అయితే ప్లాస్టిక్ కదా అని చూడకుండా చెత్తలో వేయకండి. ఒలింపస్ మ్యూ-2, యాషికా టీ4, యాషికా టీ5 చూడ్డానికి అలాగే ఉంటాయి. కాంటాక్స్ టీ2 కూడా జేబు సైజుదే, కాకపోతే లోహపు ఒళ్లు. వీటి కోసం ఇప్పుడు ప్రపంచమంతా వెతుకుతోంది.

పేరు, నంబరు ఎక్కడ చదవాలి?

లెన్సు ముందు అంచు చుట్టూ రాసినదంతా అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి. "1:1.4/50" అంటే 50 మి.మీ. లెన్సు, దాని నోరు గరిష్ఠంగా ఎఫ్ 1.4 దాకా తెరుచుకుంటుందని. ఆ మొదటి అంకె తర్వాతి సంఖ్య ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది, సాధారణంగా అంత ఖరీదు. కెమెరా క్రమసంఖ్య పైనో, అడుగునో, వెనక తలుపు లోపలో ఉంటుంది. కెమెరా నంబరు, లెన్సు నంబరు వేరువేరు, రెండూ కావాలి.

ఏ దేశంలో తయారైందన్న మాట కూడా కాలం చెబుతుంది. "ఆక్రమిత జపాన్‌లో తయారు" అని అర్థం వచ్చే ఇంగ్లిష్ ముద్ర ఉంటే అది 1945-52 మధ్యది. తూర్పు, పశ్చిమ జర్మనీ పేర్లు ఉంటే ఆ దేశం రెండుగా ఉన్న కాలానిది.

ఖరీదైన జర్మన్ కెమెరా లైకా పేరు కనిపిస్తే సంతోషించే ముందు ఆగండి. సోవియట్ ఫెడ్, జోర్కీ కెమెరాల మీద లైకా పేరు, జర్మన్ సైన్యం గుర్తులు చెక్కి, బంగారు రంగు పూసి అమ్మినవి ప్రపంచమంతా తిరుగుతున్నాయి. మరలా తిప్పి బిగించే లెన్సున్న కెమెరా అయితే లెన్సు విప్పి, పైభాగంలో లోపల ఆనే చిన్న మీట చూడండి. అసలు లైకాలో దాని చివర గుండ్రటి చక్రం ఉంటుంది. నకిలీల్లో చాలావరకు చదునైన, మొనదేలిన ముక్క ఉంటుంది. అసలుదే అనిపిస్తే ఎవరికీ మాటివ్వకుండా, ఒకరిద్దరు తెలిసినవాళ్లకు చూపించండి. మరో జాగ్రత్త: ఫెడ్, జోర్కీల్లో రీలు తిప్పే మీటనో పిడినో తిప్పకముందే షట్టర్ వేగం అంకె మారిస్తే లోపలి యంత్రం దెబ్బతింటుంది. ముందు తిప్పి, తర్వాతే వేగం మార్చాలి.

స్థితి చూడటం

కెమెరాకు ఇంకా దసరా పూజ పసుపు, కుంకుమ అంటుకుని ఉంటే ముందు వాటిని తీయండి. స్టూడియో ఇళ్లలో ఆయుధ పూజకు కెమెరాకు బొట్టు పెట్టడం ఆచారం. ఆ పొడి సందుల్లోకి వెళ్లి లెన్సు మరల్లో ఇసుకలా పనిచేస్తుంది. తడిగుడ్డ వద్దు. మెత్తని పొడి బ్రష్‌తో, గాలి ఊదే రబ్బరు బల్బుతో పైపైన తుడవండి. పంచె కొంగుతో, టీషర్టుతో గాజు రుద్దొద్దు. బిగుసుకున్న భాగాల్లో కొబ్బరినూనె, తుప్పు వదిలించే స్ప్రే పోయొద్దు. అది షట్టర్ రేకుల మీదికి పాకితే సర్వీసింగ్ ఖర్చు రెట్టింపవుతుంది.

లెన్సు పరీక్షకు చీకటి గది, టార్చి కావాలి. లెన్సు వెనక నుంచి ఏటవాలుగా వెలుతురు వేసి ముందు నుంచి చూడండి. నాలుగు దుమ్ము రేణువులు, చిన్న బుడగ కనిపిస్తే పట్టించుకోకండి, ఫొటోలో తేడా రాదు. సాలెగూడులా కొమ్మలు వేసిన తెల్లటి గీతలు కనిపిస్తే అది ఫంగస్. మన తీరప్రాంతాల్లో, విశాఖ నుంచి నెల్లూరు దాకా, పాత లెన్సులకు పట్టే మొదటి జబ్బు ఇదే. గాలిలో తేమ 60 శాతం దాటి నెలల తరబడి ఉంటే అది పెరుగుతుంది. మొదట్లో అయితే మెకానిక్ విప్పి శుభ్రం చేస్తాడు. ముదిరితే గాజు మీది పూతను, తర్వాత గాజునే తినేస్తుంది. అప్పుడు తుడిచినా మచ్చ పోదు. ఫంగస్ పట్టిన లెన్సును మిగతావాటితో ఒకే సంచిలో ఉంచకండి. లెన్సు మొత్తం పొగ పట్టినట్టుంటే అది వేరే సమస్య. గాజు పలకల మధ్య జిగురు విడిపోయి ఉంటే బాగుచేయడం కష్టం, ఖర్చు.

గాజు పసుపు రంగులోకి మారిన పాత 50 మి.మీ. ఎఫ్ 1.4 పెంటాక్స్ టాకుమార్ లాంటి లెన్సు కనిపిస్తే భయపడొద్దు. కొన్ని పాత లెన్సుల గాజులో థోరియం అనే రేడియోధార్మిక మూలకం కాస్త ఉంటుంది, దానివల్ల పసుపెక్కుతుంది. కొన్నాళ్లు అతినీలలోహిత దీపం కింద పెడితే రంగు చాలావరకు విరుగుతుంది. వాడుకోవడానికి ప్రమాదం లేదు. ఆ గాజును అరగదీయడం, పగలగొట్టడం మాత్రం చేయకూడదు.

షట్టర్‌ను ఒక సెకను వేగంలో పెట్టి నొక్కండి. ఒక సెకను తెరుచుకుని మూసుకోవాలి. మధ్యలో ఆగిపోతే లోపల నూనె గట్టిపడింది. తర్వాత 60, 125, 500, 1000 (అంటే సెకనులో అన్నో వంతు) దగ్గర నొక్కి, వెనక తలుపు తెరిచి వెలుతురు వైపు చూడండి. ఎక్కువ వేగాల్లో తెర ఒక పక్క చీకటిగా కనిపిస్తే షట్టర్ అలసిపోయింది. లెన్సులోనే రేకులు తెరుచుకునే పాత ఆకు షట్టర్లలో "వీ" అక్షరం దగ్గర ఉండే మీట స్వీయచిత్రానికి టైమర్. దాన్ని ముట్టుకోకండి, ఒకసారి ఇరుక్కుంటే షట్టర్ మొత్తం ఆగిపోతుంది. మడత కెమెరాల్లో తోలు మడతల లోపల టార్చి పెట్టి చీకట్లో బయటి నుంచి చూస్తే చిల్లులు తెలుస్తాయి.

వెనక తలుపు గాడుల్లో నల్లటి జిగట తారులా ఉంటే అది వెలుతురు రాకుండా పెట్టిన స్పాంజి కరిగిపోవడం. దాన్ని చూసి కెమెరా పాడైందనుకోకండి. దాన్ని మార్చడం మెకానిక్‌కు చిన్న పని.

"పనిచేయట్లేదు" అని పక్కన పెట్టేసిన కానన్ ఏఈ-1 నిజానికి బ్యాటరీ లేకపోవడం వల్ల ఆగి ఉండొచ్చు. అది 6 వోల్టుల బ్యాటరీ లేకుండా షట్టర్ నొక్కనివ్వదు. మరికొన్ని పాత కెమెరాలకు 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ కావాలి, అవి ఇప్పుడు రావు. చెవిటి మిషన్లకు వాడే జింక్-ఎయిర్ బ్యాటరీలు దాదాపు ఆ వోల్టేజీ ఇస్తాయి. మామూలు 1.5 వోల్టులది వేస్తే వెలుతురు కొలత తప్పుతుంది. పాత పాదరసం బ్యాటరీ లోపల ఉంటే తీసి ఈ-వేస్ట్‌కు ఇవ్వండి. బ్యాటరీ గదిలో తెల్లటి, ఆకుపచ్చ పొక్కులుంటే దూదిపుల్లను వెనిగర్‌లో కాస్త ముంచి తుడవొచ్చు.

జాగ్రత్తగా ముట్టుకోవాల్సినవి

పాత ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌లో కరెంటు చాలాకాలం నిలవ ఉండొచ్చు, విప్పకండి. కొన్ని పాత ఫ్లాష్‌లలో, కెమెరాకు బిగించే అడుగు భాగం దగ్గర రెండు వందల వోల్టులు దాటి వస్తుంది. దాన్ని కొత్త డిజిటల్ కెమెరా మీద పెడితే కెమెరా కాలిపోవచ్చు.

స్టూడియో ఇల్లయితే డార్క్‌రూమ్ సీసాలుంటాయి. పేరు చెరిగిన పొడులు, ద్రవాలు వాసన చూడొద్దు, సింకులో పోయొద్దు. విషపూరిత చెత్త తీసుకునే వాళ్లకు అప్పగించాలి. 1950ల మొదట్లోని, అంతకు ముందరి 35 మి.మీ. సినిమా రీళ్లుంటే మరీ జాగ్రత్త. అవి నైట్రేట్ అనే ఇట్టే మండే పదార్థంతో చేసినవి కావచ్చు. నైట్రేట్ ఒకసారి అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు. ఇంట్లో వాడిన 8 మి.మీ., 16 మి.మీ. రీళ్లకు ఆ ప్రమాదం లేదు. రీలు డబ్బా తెరవగానే వెనిగర్ ఘాటు వస్తే ఆ రీలు చెడిపోవడం మొదలైంది. దాన్ని విడిగా పెట్టి ముందుగా డిజిటల్ చేయించండి.

పెళ్లిళ్ల వీడియోలు తీసిన పాత వీడియో కెమెరా ఉంటే దాని కంటే క్యాసెట్లు ముఖ్యం. కెమెరా ఇంకా ఆడుతుంటే, చిన్న క్యాసెట్లను ఆడించే యంత్రం అదొక్కటే కావచ్చు. క్యాసెట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించేదాకా ఆ కెమెరాను వదులుకోకండి. పాత డిజిటల్ కెమెరాలకూ అంతే, ముందు కార్డులోని ఫొటోలు తీయండి. ఉబ్బిన బ్యాటరీని ఛార్జి పెట్టొద్దు.

నెగెటివ్‌ల సంగతి

ఈ వ్యాసంలో ఒక్క మాట మీకు గుర్తుండాలంటే ఇదే ఉండాలని నా కోరిక. కెమెరాను ఏం చేసినా సరే, నెగెటివ్‌లు, గాజు పలకలు పారేయకండి. ఎక్స్‌రేలు, పాత నెగెటివ్‌లు కిలోల లెక్కన కొనేవాళ్లు వస్తారు. వాళ్లకు కావాల్సింది అందులోని వెండి. ఆ వెండితో పాటు ఒక ఊరి నలభై ఏళ్ల ముఖాలు కరిగిపోతాయి. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపి ఆరో నిజాంకు ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా పనిచేసిన రాజా దీన్‌దయాళ్ గాజు నెగెటివ్‌లు ఈ రోజు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. అవి మిగిలాయి కాబట్టే ఆ కాలపు హైదరాబాద్ మనకు కనిపిస్తోంది. మీ తాతగారి స్టూడియో చిన్న ఊళ్లోదే అయినా అక్కడి పెళ్లిళ్లు, బడి గ్రూపు ఫొటోలు, చనిపోయినవాళ్ల చివరి ఫొటోలు ఇంకెక్కడా లేవు.

గాజు పలకను అంచులతో పట్టుకోండి. ఒక్కోదాన్ని ఆమ్లం లేని కాగితంలో చుట్టి నిలువుగా పేర్చండి, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టొద్దు. ఫిల్మ్ నెగెటివ్‌లను ప్లాస్టిక్ కవర్ల నుంచి తీసి కాగితం కవర్లలో పెట్టండి. కవర్ల మీద పేర్లు, తేదీలు ఉంటే అలాగే ఉంచండి. అవి ఇతర కుటుంబాల ఫొటోలు కాబట్టి, ఎవరివో తెలిస్తే వాళ్లను అడగకుండా ఇంటర్నెట్‌లో పెట్టకండి.

ధర తెలుసుకోవడం

అమ్మకానికి పెట్టిన ధర చూసి విలువ కట్టొద్దు, అది అమ్మేవాడి ఆశ మాత్రమే. ఈబే అనే అమ్మకాల వెబ్‌సైటులో "అమ్ముడైనవి" మాత్రమే చూపించే వడపోత ఉంటుంది. మీ కెమెరా మోడల్, లెన్సు అంకెలు రెండూ టైపు చేసి, అదే స్థితిలో ఉన్నవి ఎంతకు పోయాయో చూడండి. విదేశీ ధరను రూపాయల్లోకి మార్చి అంతే వస్తుందనుకోకండి. అక్కడ పరీక్షించి, హామీ ఇచ్చి అమ్మినదానికి ఆ ధర. మీ చేతిలో ఉన్నది పరీక్షించనిది.

రిపేరు ఖర్చు ముందే అడగండి. సర్వీసింగ్ ఖర్చు కెమెరా ధరను దాటితే, కేవలం అమ్మడానికి బాగుచేయించడం దండగ. మీరే వాడుకుంటానంటే లెక్క వేరు. అయితే రీలు, కడగడం, స్కాన్ కలిపి ఒక్క రీలుకు వెయ్యి రూపాయలు దాటుతుందని తెలిసే దిగండి.

ఉంచుకోవాలా?

నేనైతే మూడు ప్రశ్నలు వేస్తాను. ఎవరైనా దీన్ని వాడతారా? దీని కథ ఇంట్లో ఎవరికైనా తెలుసా? దీన్ని చూసుకునే ఓపిక ఎవరికైనా ఉందా? మూడోదానికి లేదనే జవాబు వస్తే, మొదటి రెండు ఎలా ఉన్నా ఉంచుకోకపోవడమే మంచిది. మన వాతావరణంలో పట్టించుకోకుండా బీరువాలో దాచిన లెన్సును ఫంగస్ తినేస్తుంది. ప్రేమతోనే దాచినా, పదేళ్ల తర్వాత అది ఎవరికీ పనికిరాదు. ఈలోపు వాడే కుర్రాడి చేతిలో ఉంటే అది బతికుండేది.

కథ బాగా తెలిసి, ధర తక్కువైన డబ్బా కెమెరాను ఉంచుకోండి. బాగా పనిచేసే ఎస్ఎల్ఆర్‌ను ఇంట్లో ఆసక్తి ఉన్నవాళ్లకు ఇవ్వండి. లెన్సులను విడిగా ఆలోచించండి. పాత నైకాన్ లెన్సులు, ఎం42 అనే కొలత మర లెన్సులు అడాప్టర్‌తో ఇప్పటి మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని డిజిటల్) కెమెరాలకు పడతాయి. శరీరం పాడైనా లెన్సు కొత్త కెమెరా మీద మళ్లీ ఫొటో తీస్తుంది. 1977కు ముందరి నైకాన్ లెన్సును కొత్త నైకాన్ డీఎస్ఎల్ఆర్‌కు నేరుగా బిగించేముందు మాత్రం కనుక్కోండి, కొన్ని మోడళ్లను అది దెబ్బతీస్తుంది.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల మధ్య తగువు వస్తే వస్తువును ఒకరికి, ఫొటోలను అందరికీ పంచండి. నెగెటివ్‌లన్నీ స్కాన్ చేయించి ప్రతి ఇంటికీ ఒక కాపీ ఇస్తే, కెమెరా ఎవరింట్లో ఉందన్నది పెద్ద సమస్య కాదు.

స్టూడియో సామాను మొత్తం ఉండి ఇంట్లో చోటు లేకపోతే విడివిడిగా చెదరగొట్టేముందు ఏదైనా మ్యూజియంనో, ఫొటోగ్రఫీ నేర్పే కాలేజీనో అడగండి. గురుగ్రామ్‌లో కెమెరాల చరిత్రకే ఉన్న మ్యూజియో కెమెరా లాంటివి మన దేశంలోనే ఉన్నాయి. ఇచ్చేటప్పుడు పెద్దవాళ్లు చెప్పిన వివరాలు, పాత బిల్లులు కలిపి ఇవ్వండి.

అమ్మితే, ఏ ఫంగస్ ఉంది, ఏ వేగం పనిచేయట్లేదు అన్నీ రాసి, లెన్సులోంచి టార్చి వేసిన ఫొటోతో సహా పెట్టండి. "మొత్తం సంచి ఇంతకు ఇచ్చేయండి" అనేవాళ్లకు తొందరపడి ఇవ్వకండి. సంచిలోని ఒక్క లెన్సుకే ఆ ధర రావచ్చు. డబ్బు పంపుతానంటూ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమన్నా, పిన్ కొట్టమన్నా అది మోసం. డబ్బు అందుకోవడానికి ఆ రెండూ అక్కర్లేదు.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలు తీసుకెళ్తానంటే రెండు సంగతులు. నూరేళ్లు దాటిన వస్తువు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి రావచ్చు. మీ చెక్క కెమెరా అంత పాతదనిపిస్తే, దేశం దాటించే ముందు భారత పురావస్తు శాఖను సంప్రదించండి. రెండోది, కడగని రీలు ఉంటే లగేజీలో వేయకండి. చేతి సంచిలో పెట్టుకుని, ఎక్స్‌రేలో పెట్టకుండా చేత్తో తనిఖీ చేయమని విమానాశ్రయంలో అడగండి.

ఉంచుకుంటే ఎలా?

ముందు తోలు సంచిలోంచి బయటికి తీయండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది. బ్యాటరీలు తీసేయండి. కలరా ఉండలు దగ్గర పెట్టొద్దు, వాటి ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లను పాడుచేస్తుంది. గాలి చొరని మూతున్న పారదర్శక డబ్బా, అందులో తేమ పీల్చే సిలికా జెల్, తేమ కొలిచే చిన్న మీటరు పెడితే మొదటికి చాలు. మీటరు 40 నుంచి 50 మధ్య ఉండాలి. సిలికా జెల్ రంగు మారగానే వేడిచేసి మళ్లీ వాడొచ్చు. లెన్సులు ఎక్కువుంటే కరెంటుతో తేమ తగ్గించే అలమర, అంటే డ్రై క్యాబినెట్ కొనడం మేలు. వానాకాలం మొదలవగానే ఒకసారి, కార్తీకం ముగిశాక ఒకసారి లెన్సులన్నీ టార్చితో చూడండి. నెలకోసారి ప్రతి వేగంలో షట్టర్ నొక్కి, లెన్సు రింగులు తిప్పి, షట్టర్ వదులు స్థితిలో ఉంచి మళ్లీ డబ్బాలో పెట్టండి. డబ్బా లోపల ఒక కాగితం మీద కెమెరా పేరు, నంబరు, ఎవరిది, ఎప్పుడు కొన్నది, చివరిసారి సర్వీసింగ్ ఎప్పుడు అన్నవి రాసి ఉంచితే, మీ తర్వాత తెరిచేవాళ్లకు వెతుకులాట ఉండదు.